గోరింటాకు చుక్కతో ఫింటాస్ నుంచి రాయచోటికి

కువైట్ యుద్ధంలోంచి ఎట్ల బయటపడినావే రమణమ్మా అని అడగని మనిషి మా ఊర్లో లేడు. బోరింగు కాడ అడుగుతారు, బస్సులో అడుగుతారు, పెండ్లికి పోతే విస్తరాకు ముందు కూచోకముందే అడుగుతారు. చెప్పి చెప్పి నోరు నొచ్చింది. సగం చెప్పేలోగా "బంగారమేమన్నా తెచ్చుకుంటివా?" అని వాళ్లే మాట మారుస్తారు. నేను తెచ్చుకునింది ఎడమచేతి చూపుడువేలి గోరు మీద ఒక గోరింటాకు చుక్క. దాని సంగతి ఒక్కరూ అడగలేదు. అందుకే రాస్తాండా. పదో తరగతి దాకా చదివినదాన్ని, రాత కుదురుగానే వస్తాది. తప్పులుంటే మీరే సర్దుకోండి, నాకిప్పుడు దిద్దుకునే ఓపిక లేదు.

సబా అల్ సలేం

నేను నాలుగేండ్లు పనిచేసిన ఇల్లు సబా అల్ సలేంలో. నాది ఇల్లు తుడిచే పని, ఖాదర్‌బీది వంట పని. ఖాదర్‌బీ మా ఊరామెనే, మా ఇంటికి మూడిండ్లవతల. యాభై దాటినాది, మొగుడు లేడు. ఆ ఇంట్లో నాకు వీసా ఇప్పించింది ఆమెనే. ఆమెకు చక్కెర రోగం. రోజూ తొడకు సూది వేసుకోవాల. కండ్లు సరిగ్గా ఆనవు కాబట్టి వేసేది నేను. మామాకు తెలిస్తే పనిలోంచి తీసేస్తాదని ఇద్దరం నోరు కుట్టుకున్నాం. మామా అంటే ఇంటి యజమానురాలు, అక్కడ పనివాళ్లందరూ అట్లనే పిలుస్తారు.

వాళ్ల తిండి చూస్తే మొదట్లో నాకు అసయ్యమేసేది. ఇంత పెద్ద పళ్లెంలో అన్నం, దాని మీద మాంసం పెట్టుకుని ఇంటిల్లిపాదీ చుట్టూ కూచుని అందులోనే తింటారు. మా ఊర్లో అయితే ఎంగిలి ఎంగిలని ఎగిరెగిరి పడరూ? వాళ్లయినాక అదే పళ్లెం వంటింట్లోకొస్తాది. నాలుగు దినాలకు అలవాటయిపాయె. నేనూ ఖాదర్‌బీ ఆ పక్క ఈ పక్క కూచుని, మధ్యలో ఊరి సంగతులు పెట్టుకుని తినేవాళ్లం.

ఒకరోజు టీవీలో మన దేశం ఓట్లు చూపిచ్చినారు. చీరలు కట్టుకున్న ఆడోళ్లు వరసలో నిలబడింటే మామా నోరు తెరుచుకుని చూసింది. "నువ్వూ వేస్తావా?" అనడిగింది. వాళ్ల దేశంలో ఆడోళ్లకు ఓటు లేదు. "వేస్తా మామా" అన్నా, గొప్పగా. వంటింట్లోకి పోతానే ఖాదర్‌బీ పట్టుకునింది.

"ఏమ్మే, ఎప్పుడేసినావు నువ్వు? రెండుసార్లూ నా ఎనకనే నిలబడి ఉత్త చేతుల్తో వస్తివి కదా!"

నిజమే. రెండుసార్లూ మేము మంచి చీరలు కట్టుకుని బడికాడికి పోతిమి. రెండుసార్లూ బల్ల కాడ కూచున్న సారు పుస్తకం తిప్పి, "మీ ఓట్లు పడిపోయినాయి, పోండమ్మా" అనె. ఎవరు వేసినారో ఊరందరికీ ఎరికే. అడిగేదెవరు? మా ఊర్లో ఆ మాట అడిగితే మరుసటి దినం మీ గడ్డివాము ఉండదు. అట్ల నలభై ఏండ్ల దగ్గరికొచ్చినా నేను ఓటేసిన పాపాన పోలేదు. మామాకు ఆ మాట చెప్పుకోను మనసొప్పలేదు, అంతే.

తర్వాత ఇరాకోళ్లొచ్చి పడినారు. పొద్దున లేస్తానే విమానాలు, ఎనకనే ట్యాంకులు. నాలుగో దినం మామా, పిల్లోళ్లు రెండు కార్లలో సౌదీ దిక్కు బయల్దేరినారు. మా పాస్‌పోర్టులు ఇంటాయన ఇనప్పెట్టెలో ఉన్నాయి. తాళం ఆయన దగ్గర, ఆయన మొదటిరోజు డ్యూటీకి పోయినోడు మళ్లీ రానేలేదు. మామా ఆ పెట్టెను చేతుల్తో బాది బాది ఏడ్చింది. "ఫ్రిజ్జులో ఉండేది తినండి, నన్ను క్షమించండి" అనింది. ఆమెను తిట్టుకోను నాకు నోరు రాలేదు. ఐసు పెట్టిన ఫ్లాస్కులో ఖాదర్‌బీ మందు, ఒక సంచి బియ్యం, రెండు జతల గుడ్డలు తీసుకుని మేమిద్దరం తెలుగోళ్లుండే దిక్కు నడిచినాం.

ఫింటాస్

ఫింటాస్‌లో సగం కట్టిన బిల్డింగు ఒకటుండె. ఆ చుట్టుపక్కల, అబూ హలీఫా దాకా, రూముల్లో ఉండే తెలుగు మగోళ్లంతా అక్కడికే చేరినారు. కిందింటి గోదాములో మేము ఆడోళ్లం పదకొండు మందిమి. అందరం ఇండ్లల్లో పనిచేసినోళ్లమే. ఒక్కరి చేతిలోనూ పాస్‌పోర్టు లేదు.

అక్కడ పెద్దరికం రెడ్డెప్పది. మా రాయచోటి దగ్గరోడే, కట్టడాల కాడ ఫోర్‌మెన్. పికప్పు బండి ఉండె. నీళ్లు తెచ్చేది, బియ్యం తెచ్చేది అతనే. మనిషి చెడ్డోడని నేను చెప్పను. గొంతు మాత్రం పెద్దది, ఎదుటోళ్ల మాట చెవికెక్కదు. రొట్టెలు తెచ్చే పని మాది. మగోళ్లు బయట కనపడితే ఇరాక్ సిపాయిలు ఆపి కాయితాలడుగుతారు. ఆడోళ్లను అంతగా ఆపరు. తెల్లారి పోయి బేకరీ కాడ నిలబడితే పదిగంటలకు అందరికీ సరిపోయే ఖుబూజు వస్తాది. మునుపు ఎక్కువై పారేసే రొట్టె. ఇప్పుడు దానికోసం ఈజిప్టు మిస్రీలు, బెంగాలీలు, మనోళ్లు జుట్లు పట్టుకున్నారు.

ఒకరోజు మన ఎంబసీ నుంచి కబురొచ్చింది. బస్సులు బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దాకా పోతాయంట, అక్కడినుంచి విమానాలంట. ఏ రాష్ట్రపోళ్లు ఆ రాష్ట్రపోళ్లు పేర్లు రాసుకుని ఒక లీడరును పెట్టుకోవాలంట. ఆంధ్రావోళ్లకు ముందు రెండు బస్సులు. మూడోది తర్వాత ఎప్పుడో, వస్తే వచ్చినట్టు. ఎవరు ఏ బస్సెక్కాల అనేది లీడరు చేతిలో.

రెడ్డెప్ప మెట్ల మీద నిలబడి చెప్పినాడు. "రూముకొక ఓటు. ఒక్కో రూము నుంచి ఒకడొచ్చి చెప్పండి, ఖలాస్."

కువైట్‌లో లేనోళ్లకు ఇది తిక్కలెక్కగా ఉంటాది. అక్కడ ఒంటరి మగోళ్లకు అన్నీ రూము లెక్కనే. బియ్యం మూట రూముకొకటి, వంట వంతు రూముకొక దినం, పండగ చందా రూము పేరు మీద, కొట్లాట కూడా ఆ రూమోళ్లకూ ఈ రూమోళ్లకూ. ఊరు పేరు అడగరు, "నువ్వు ఏ రూము?" అని అడుగుతారు. కడుపులో దుర్బుద్ధి పెట్టుకుని అనిన మాట కాదది. మగోళ్లందరూ తలలూపినారు.

నేను గోదాము వాకిట్లోంచి అడిగినా. "రెడ్డెప్పన్నా, మేం ఏ రూము?"

"మీకు రూమేడుందమ్మా? పనిచ్చిన కఫీల్ ఇండ్లల్లో పండుకున్నోళ్లు కదా మీరు."

"అయితే మాకు ఓటు లేదా?"

"ఆడబిడ్డలు, మిమ్మల్ని ఇడిసిపెట్టి పోతామా? గమ్మున కూచోండి."

"లిస్టులో మా పేర్లు ఉండాయా?"

"పాస్‌పోర్టు ఉండేవాళ్లవి ముందు రాస్తాండాం. మీవి చూద్దాం."

చూద్దాం! సూదిమందు లెక్క నాకెరికే. ఇంకా రెండు చిన్న సీసాలు. మూడో బస్సు కోసం, దాని తర్వాత వచ్చేదాని కోసం కూచుంటే ఖాదర్‌బీ సంగతేంది? ఈ మనిషిని ప్రాణాలతో ఊరు చేర్చాల, నాకింకేమీ వద్దు అనుకున్నా.

మరుసటి దినం మేం పదకొండు మందిమి రొట్టెకు పోలే. గోదాములో కూచుని తలలు దువ్వుకుంటాంటిమి. పదైంది, పదకొండైంది. ఒక్కొక్క మగోడూ వాకిట్లోకొచ్చి తొంగి చూడబట్టె. చివరకు రెడ్డెప్పే వచ్చినాడు.

"ఏందమ్మా, రొట్టెలేవి?"

"రూమోళ్లు పోయి తెచ్చుకోండన్నా" అన్నా. "మాకు రూము లేదు కదా, రొట్టె తెచ్చేవాళ్లం కూడా లేనట్టే."

అతని మొగం చూడాల్సింది. "సరే, ఈ గోదామును గూడా ఒక రూము అనుకుందాం. మీకూ ఒక ఓటు" అన్నాడు, దానమిచ్చినట్టు.

ఖాదర్‌బీ లోపల్నుంచి అందుకునింది. "పదకొండు మందికి ఒక ఓటా నాయనా? తలా ఒక వేలు ఎత్తుదుమా ఏంది?"

మగోళ్లల్లో కూడా నవ్వినారు. ఆ నవ్విన వాళ్లల్లోంచి ఓబులేసు మాస్టరు ముందుకొచ్చినాడు. మదనపల్లె దిక్కు బడిపంతులు, లాంగ్ లీవు పెట్టి వచ్చి అబూ హలీఫాలో ఒక గోడౌనులో స్టోర్‌కీపరుగా చేస్తాండె. ఊర్లో నాలుగుసార్లు ఓట్ల డ్యూటీ చేసినోడు. సన్నగా, దగ్గుకుంటా మాట్లాడతాడు. "రెడ్డెప్పా, తప్పు జరుగుతాండాది. మనం రూములు కాదప్పా, మనుషులం" అన్నాడు. కూచుని ఒక కాయితం మీద రూల్సు రాసినాడు. తలకొక ఓటు. కాయితాలు లేనోళ్లకూ ఓటుంది. లిస్టు అందరి ముందరా పేరు పేరునా చదవాల. మొగం ముందర అడక్కుండా ఎవరి పేరూ కొట్టేయకూడదు. బస్సు సీట్లకు చీట్లు తియ్యాల.

"అబ్బో, మాస్టరు అసెంబ్లీ పెట్టినాడు!" అని రెడ్డెప్ప ఎగతాళి చేసినాడు. అప్పట్నుంచీ ఆ మెట్లకు అసెంబ్లీ అనే పేరు పడింది. రూల్సుకు చేతులెత్తమంటే అందరూ బిరబిరా ఎత్తినారు. న్యాయం తెలిసి ఎత్తినారో ఆకలికి ఎత్తినారో నేను చెప్పలేను. నేనూ ఎత్తినా.

ఇంక ఓటింగు. ఒకే మనిషి రెండుసార్లు వెయ్యకుండా వేలికి పెట్టను సిరా లేదు. ఖాదర్‌బీ మూటలో గోరింటాకు పొడి డబ్బా ఉండె. అదే తడిపి ఎడమచేతి చూపుడువేలి గోరు మీద చుక్క పెట్టినాం. "మగోళ్లకు గోరింటాకేందప్పా, సిగ్గులేకుండా!" అని కొందరు గింజుకున్నారు. పండల్లంటే అరగంటుండాల. వేలు పైకెత్తుకుని గోడకానుకుని కూచున్న ఆ మీసాలోళ్ల వరసను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తాది. ఆ నెలలో నేను నవ్వింది ఆ ఒక్కరోజే.

మాస్టరు గుర్తు చెంబు, రెడ్డెప్ప గుర్తు తాళంచెవి. మూలకు దుప్పటి కట్టి, దాని ఎనక కాయితం మీద గీత పెట్టమన్నారు. ఖాదర్‌బీ లోపలికి పోయి ఎంతకీ రాలే.

"ఏం చేస్తాండావే లోపల?" అని అరిచినా.

"ఉండమ్మే, యాభై ఏండ్లకు దొరికినాది. రవ్వంత సేపు ఉండనీ" అనింది.

మాస్టరు గెలిచినాడు. మేం పదకొండు మందిమి లేకుంటే గెలిచేవాడు కాదు. ఆ సంతోషం మాకు సాయంత్రం దాకా కూడా నిలబడలే. చీట్లు తీస్తే నాకు మొదటి బస్సు వచ్చింది, ఖాదర్‌బీకి మూడోది.

నా సీటు నువ్వు తీసుకో అన్నా. "నువ్వు లేకుండా నేనేడికి పోయేది? సూదెవరేస్తారు?" అనింది. ఆమె రోగం సంగతి అప్పుడు చెప్పినా అందరికీ. మాస్టరు తల పట్టుకున్నాడు. రోగులు ముందు అనే రూలు రాయను మరిచినాడు. రాసినోడూ మరిచె, చెయ్యెత్తిన నేనూ మరిస్తి. ఒకసారి మారిస్తే అందరూ మార్చమంటారని భయపడి, "ఎవరన్నా మనసొప్పి సీటు మార్చుకుంటారా?" అని మూడుసార్లు అడిగినాడు. ఒక్క చెయ్యీ లేవలే. మొదటి బస్సు చీటీ వచ్చిన రెడ్డెప్ప నేల చూపులు చూసినాడు. మా పదకొండు మంది ఆడోళ్లల్లోనూ లేవలే. వాళ్లననేదేముంది, ఎవరి ప్రాణం వాళ్లకు తీపి. నా చీటీ ఇంకొకామెకిచ్చి నేను మూడో బస్సుకు మారినా. బస్సు కాడ రెడ్డెప్ప నాతో అన్నాడు, "నేను గెలిచింటే ముసలామెను నా పక్కన కూచోబెట్టుకుని పోయింటానమ్మా." పోయింటాడేమో. అబద్ధమని చెప్పను నాకు ధైర్యం లేదు.

బస్రా

మూడో బస్సు రాను పన్నెండు దినాలు పట్టింది. మాస్టరు మాతోనే ఆగినాడు. పేరు పేరునా లిస్టు చదివి ఎక్కించినాడు. ఆడోళ్ల పేర్లు చదివేటప్పుడు మాత్రం గొంతు కొంచెం పెంచేవాడు. మాకందరికీ మన ఎంబసీ ఆఫీసర్లు తెల్లకాయితాలు రాసిచ్చినారు, పాస్‌పోర్టు బదులు.

బస్రా దాటినాక ఖర్జూరం తోటల కాడ బస్సు టైరు పోయింది. ఒక ఇంటామె మమ్మల్ని చూసి చిన్న చిన్న గాజు గ్లాసుల్లో చాయ్ తెచ్చిచ్చింది. మన అర కప్పు కూడా ఉండదు, చక్కెర మాత్రం అడుగున సగం. ఖర్జూరాలు అప్పుడే పండుతాండాయి. తాంబాళం నిండా తెచ్చి పెట్టింది. దుడ్లు ఇయ్యబోతే చెయ్యి వెనక్కి నెట్టేసింది. ఆమె కొడుకు కువైట్‌లోనే సిపాయిగా ఉన్నాడంట. "వాణ్ణి చూసినారా?" అని ప్రతి ఒక్కరినీ అడిగింది. ఎంతమంది సిపాయిల్లో ఎవర్ని చూసినట్టు? ఖాదర్‌బీ మాత్రం "చూసినా, బాగుండాడు, రొట్టె తింటాండె" అని అరబ్బీలో చెప్పింది. ఆమె ఏడ్చుకుంటా ఖాదర్‌బీ చేతులు పట్టుకునింది. అప్పుడు గోరు మీద చుక్క కనపడింది. చూస్తే నా వేలికుంది, మాస్టరు వేలికుంది, డ్రైవరుకు తప్ప బస్సంతా ఉంది.

"పెండ్లా?" అనడిగింది.

"పెండ్లి కాదు, ఓట్లు" అనింది ఖాదర్‌బీ.

ఆమె రోడ్డు మీద నిలబడిన సిపాయి దిక్కు ఒకసారి చూసి, మా సంచిలో ఇంకో దోసెడు ఖర్జూరాలు పోసింది. ఖాదర్‌బీ తినకూడదు. నేను వద్దంటాంటే మూడు తినింది. "ఇంత మంచి పండు మళ్లీ ఎప్పుడు తింటానో" అనింది. నేను తిట్టినా.

బాగ్దాద్

బాగ్దాద్ గురించి నాకు చెప్పను ఏమీ లేదు. పెద్ద నది, వెడల్పు రోడ్లు, ఎండ. బస్టాండులో ఐసు కోసం తిరిగిందే గుర్తు. ఐసుముక్క ఒకటి టమోటాల బుట్టంత ధర చెప్పినాడు. బేరమాడి కొన్నా, ఫ్లాస్కులో వేసినా. బస్సు కదిలినాక ఒక గుంతలో ఎత్తేస్తే ఫ్లాస్కు ఒళ్లోంచి జారి పడింది. లోపలి గాజు పగిలింది. ఒక సీసా అప్పటికే అయిపోయింది, మిగిలిన ఒక్కటీ దాంతోబాటే పోయింది. ఖాదర్‌బీ మొగం అటు తిప్పుకుని కిటికీలోంచి చూస్తా కూచునింది. అంతకన్నా నాలుగు తిట్టింటే బాగుండు.

గుడారాలు

ఇరాక్‌కూ జోర్డాన్‌కూ మధ్యన ఏమీ లేని నేల. ఏమీ లేదంటే నిజంగానే లేదు, చెట్టు లేదు, చేమ లేదు. కండ్లకు ఆనినంత మేర గుడారాలు. లారీ మీద నుంచి రొట్టెలు విసిరేస్తారు. బలమున్నోడికి నాలుగు, లేనోడికి దుమ్ము. తేళ్లు కుట్టినోళ్లు, ఎండదెబ్బ తగిలినోళ్లు. పగలు మాడిపోతాము, పొద్దు గుంకితే చలికి వణుకుతాము. ఇట్లాంటి ఊరు నేను పగవాళ్లకు కూడా కోరను.

మాస్టరు మళ్లీ కాయితం తీసినాడు. మలయాళీలకొక వరస, పంజాబీలకొక వరస, మనకొక వరస. ఈసారి మన రూల్సులో అన్నిటికన్నా పైన రాసినాడు, రోగులు ముందు అని. నీళ్ల ట్యాంకరొస్తే ఖాదర్‌బీ చెంబే మొదట నిండేది. మందు మాత్రం ఏ వరసలోనూ లేదు. డాక్టరు గుడారానికి పోతే, రేపొస్తాది అన్నారు. ఆ మరుసటి దినం కూడా రేపే అన్నారు.

వానాకాలం మబ్బులాగా కదలకుండా పడినాయి ఆ దినాలు. పొద్దుపోక మాస్టరును మా ఊరి ఓట్ల సంగతి అడిగినాం. మీ ఓటు పడిపోయింది పోండి అంటే ఏం చెయ్యాల అని. ఆయనకు కోపమొచ్చింది. "పోండి అనను వాడెవడు? పంచాయతీ ఓట్లకు మన రాష్ట్రం చేసిన చట్టముంది, దాని కింద రూల్సుండాయి. నీ పేరు మీద ఇంకొకడు వేసిపోయినా, నేనే ఫలానా అని నిలబడి చెప్తే నీకు వేరే కాయితం ఇచ్చి తీరాల. ఇయ్యకుంటే తప్పు వాడిది" అన్నాడు.

"దాన్ని లెక్కపెడతారా?" అన్నా.

మాస్టరు దగ్గినాడు. "పెట్టెలో వెయ్యరు. వేరే కవర్లో పెడతారు. కోర్టుకు పోతేనే తెరుస్తారు."

"అయితే దాంతో ఏమొచ్చె?"

"నువ్వు వచ్చినట్టు రాత పడుతుంది" అన్నాడు.

ఖాదర్‌బీ పండుకునే వింటాండాది. నా చెయ్యి పట్టుకుని, "ఈసారి అడుగుదామమ్మే. నువ్వు ముందు అడుగు, నీ ఎనక నేను" అనింది.

అది చెప్పిన మూడోనాడు, పొద్దున తొమ్మిదప్పుడు, నీళ్లు తాగుతా తాగుతానే ఖాదర్‌బీ పోయింది. నీళ్లు అడిగింది, ఇచ్చినా, రెండు గుటకలు మింగింది. అంతే.

కడగను నీళ్లు చాలలే. మా ఇద్దరి వంతు చెంబు కలిపినా మొగానికే సరిపాయె. పక్క గుడారంలో మిస్రీ ఆమె ఒకామె వచ్చింది. నీళ్లు లేకుంటే మన్నుతో చెయ్యొచ్చని నేల మీద అరచేతులు ఆనించి, ఖాదర్‌బీ మొగాన, చేతులకు తుడిచి చూపిచ్చింది. నేను హిందువుల మనిషిని, తాకొచ్చో లేదో నాకు తెలీదు. అడిగితే ఆ మిస్రీ ఆమె నా చేతిని తీసుకుని ఖాదర్‌బీ చేతి మీద పెట్టింది. మన్ను రాసేటప్పుడు వేళ్లన్నీ తెల్లబడినాయి. గోరు మీది చుక్క మాత్రం ఎర్రగా అట్లనే ఉంది. మాస్టరు, ఇంకా నలుగురు కలిసి గుంత తవ్వినారు. నేనూ తవ్వినా. క్యాంపోళ్లు అరబ్బీలో ఒక కాయితం రాసిచ్చినారు.

ఆ దినం నేను మాస్టరును నానా మాటలన్నా. "నీ చీట్లు, నీ చట్టాలు కాల్చెయ్! ఒక్క రూలు ముందే రాసింటే ఈమె బతికుండేది కదా!" ఆయన గుంత పక్కన కూచుని, ఆ ఫింటాస్ కాయితం తీసి, ఒక్క మాట కొట్టేయకుండా, అడుగున ఖాదర్‌బీ పేరు రాసుకున్నాడు.

అమ్మాన్, బొంబాయి, కడప

అమ్మాన్‌లో విమానమెక్కినాం. నా పక్క సీటులో ఎవరో పంజాబీ కూచున్నాడు. అన్నం, పప్పు పెట్టినారు. నెలకు పైనాయె పప్పు తిని. విమానమంతా ఏడ్చుకుంటానే తినింది. బొంబాయిలో దిగినాక రైలు. గుంతకల్లు దాటుతానే ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్మొచ్చినాయి. రెండు పొట్లాలు కొన్నా, అలవాటుకు. రెండోది ఎవరికిచ్చేది? ఒళ్లో పెట్టుకుని కడప దాకా వచ్చినా. కడపలో దిగి మాస్టరు మదనపల్లె బస్సెక్కినాడు, నేను రాయచోటి బస్సెక్కినా.

మా ఊరు

ఖాదర్‌బీ తమ్ముని చేతికి ఆమె మూట, గోరింటాకు డబ్బా, ఆ అరబ్బీ కాయితం ఇచ్చినా. ఆ కాయితం పట్టుకుని, ఆమె చావు రాయించను ఇద్దరం ఆఫీసుకు పోతిమి. ఇది చదివేదెవరు, ఇది చెల్లదు అన్నారు. కువైట్‌లో కాయితం లేక ఆమె మనుషుల లెక్కలోకి రాలే. ఇక్కడ కాయితం చెల్లక చచ్చినోళ్ల లెక్కలోకి రాలే. నాకు నవ్వాలనో ఏడ్వాలనో తెలీలే.

నా గోరు మీద చుక్క పెరిగి పెరిగి కొసకొచ్చింది. ఒకనాడు గోళ్లతోపాటు కత్తిరిచ్చినా. అదే వారం మాస్టరుకు జాబు రాసినా. ఇద్దరం కలిసి మన రాష్ట్రానికి ఒక అర్జీ పెట్టినాం. పంచాయతీ చట్టంలో ఇంకో రూలు కలపండి, ఓట్లకు ముందు ప్రతి ఊర్లో లిస్టు అందరి ముందరా పేరు పేరునా చదవండి, చచ్చినోళ్ల పేరు తియ్యండి, బతికున్నోళ్ల పేరు మొగం ముందర అడక్కుండా కొట్టేయద్దండి అని. అంతా ఫింటాస్ మెట్ల మీద రాసిందే. ఒక నకలు రాయచోటికి వచ్చిన మా ఎమ్మెల్యే చేతిలో పెట్టినా. మంచిగానే మాట్లాడినాడు. మడిచి జేబులో పెట్టుకుని, "చట్టమంటే పెద్ద కతమ్మా. చూద్దాం" అన్నాడు. ఆ మాట నాకు కొత్త కాదు.

తర్వాత ఎన్నాళ్లకో పంచాయతీ ఓట్లొచ్చినాయి. పోకూడదనే అనుకుంటి. ఒళ్లంతా అలుపు, కొట్లాడే ఓపిక లేదు. అయినా నువ్వు ముందు అడుగు అని మాట తీసుకున్నది కదా ఆ మనిషి. కువైట్ చీర కట్టుకుని బడికాడికి పోయినా.

సారు పుస్తకం తిప్పి, "నీది పడిపోయింది పోమ్మా" అన్నాడు.

"పోను సార్. నా వేలు చూడండి, మచ్చ లేదు. రూల్సులో వేరే కాయితముంది, అదియ్యండి" అన్నా.

పక్కన కూచున్న ఏజెంటు లేచి ఏమేమో అరిచినాడు. సారు నా దిక్కు, వాని దిక్కు చూసి, సంచిలోంచి ఇంకో పుస్తకం తీసినాడు. చదువుకున్నాడు. నా పేరు, మా నాయన పేరు, ఇంటి నంబరు అడిగినాడు. గంటసేపు నిలబెట్టి ఇచ్చినాడు కాయితం. గీత పెట్టి ఇచ్చినా. పెట్టెలో వెయ్యలే, కవర్లో పెట్టినాడు. "దాన్ని ఎవురూ లెక్కపెట్టరులే" అని నవ్వినాడు ఏజెంటు. నాకెరికే. సంతకం చెయ్యమని లిస్టు నా దిక్కు తిప్పినారు.

నా పేరు కింద మూడో వరసలో ఖాదర్‌బీ పేరుంది. దాని పక్కన టిక్కు ఉంది.

"ఈమె ఎప్పుడొచ్చింది సార్?"

సారు తల ఎత్తలే. ఏజెంటే చెప్పినాడు. "పొద్దున్నే వచ్చి ఏసిపాయె."

ఈ చేతుల్తోనే మన్ను రాసినా ఆమెకు. ఈ చేతుల్తోనే గుంత తవ్వినా.

"ఆమెకు ఏ వేలికి పెట్టినారు సార్ సిరా?" అని అడిగినా.

సారు సిరా పుల్ల పట్టుకుని అట్లనే కూచున్నాడు. నేను చెయ్యి చాపి చుక్క పెట్టించుకుని, నా ఎనక నిలబడినామెకు దారిచ్చి బయటికొచ్చినా.